తాకిందా, తగిలిందా: ఫోన్ ఎలా తేల్చుకుంటుంది?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. వేళ్లు కాస్త వణుకుతాయి. వాట్సాప్‌లో ఫొటో తెరవబోతే అది సెలెక్ట్ అయిపోతుంది. నంబర్ కొడితే ఒకే అంకె రెండుసార్లు పడుతుంది. ‘నాకు ఫోన్ చేతకాదు’ అని పక్కన పెట్టేస్తోంది. కావాలని తాకామో, పొరపాటున తగిలిందో ఫోన్‌కు తెలియదా? – ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. తప్పు ఆవిడది కాదు. ఫోన్ పెట్టుకున్న లెక్కలు ఆవిడ వేలికి సరిపోవడం లేదు, అంతే. వాటిని మార్చుకోవచ్చు.

మనకు తాకడం వేరు, తగలడం వేరు. ఫోన్‌కు మన మనసు తెలియదు కాబట్టి ఆ తేడాను కొలతలతో ఊహిస్తుంది. అద్దం కింద కంటికి కనపడని సన్నటి విద్యుత్ గీతలు అడ్డంగా, నిలువుగా ఉంటాయి. అవి కలిసేచోట్లన్నీ ముగ్గు చుక్కలనుకోండి. వేలు దగ్గరకు రాగానే అక్కడి చుక్కల్లో విద్యుత్ ఆవేశం కొద్దిగా మారుతుంది. లోపలి చిప్ ఈ చుక్కలన్నిటినీ సెకనుకు 120 సార్లు, కొన్ని ఫోన్లలో 240 సార్లు చూసుకుంటూ ఉంటుంది. గుండ్రంగా, చిన్నగా మచ్చ కనిపిస్తే వేలికొన అనుకుంటుంది. వెడల్పుగా ఉంటే అరచెయ్యో, చెంపో అని వదిలేస్తుంది. అంచు వెంట పొడుగ్గా ఉంటే ఫోన్ పట్టుకున్న చెయ్యి అని సరిపెట్టుకుంటుంది. ఒక్కసారి మెరిసి మాయమైతే అసలు లెక్కలోకే తీసుకోదు.

ఇక్కడిదాకా బాగానే ఉంటుంది. పెద్దవాళ్లకు ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. ఆండ్రాయిడ్‌లో వేలు దాదాపు ఒకటింపావు మిల్లీమీటరు దాటి కదిలితే అది నొక్కడం కాదు, జరపడం. దాదాపు అర సెకను అక్కడే ఉంటే లాంగ్ ప్రెస్. మీ అమ్మగారి ఫొటో సెలెక్ట్ అవుతున్నది అందుకే. వణుకులో వేలు లేచి మళ్లీ ఆనితే రెండు నొక్కుళ్లు, రెండు అంకెలు.

ఇంకోటి గమనించండి. బటన్ల ఫోన్ అలవాటున్నవాళ్లు అద్దాన్ని కూడా గట్టిగా అదుముతారు. మా ఇంట్లో పెద్దావిడ నొక్కేటప్పుడు పక్కన కూర్చుని చూశాను. అదిమినకొద్దీ వేలు చదునై, మచ్చ పెద్దదై, దాని మధ్యభాగం పక్కకు జరుగుతుంది. ఆవిడ వేలు జరపనే లేదు, స్క్రీన్ మాత్రం పైకి పోయింది. ‘కుంకుమబొట్టు పెట్టినట్టు ఆనించి తీసెయ్యండి’ అని చెప్పాను. చాలావరకు కుదిరింది.

ఇప్పుడు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి ‘టచ్ అండ్ హోల్డ్ డిలే’ను (ఎంతసేపు ఆనితే లాంగ్ ప్రెస్ అనే లెక్కను) లాంగ్‌కు మార్చండి. కనపడకపోతే పైనున్న సెర్చ్‌లో వెతకండి. శాంసంగ్‌లో ‘ఇగ్నోర్ రిపీటెడ్ టచెస్’ కూడా ఆన్ చేస్తే అంకెలు రెండేసి పడవు. ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ, టచ్, ‘టచ్ అకామడేషన్స్’లో ‘హోల్డ్ డ్యురేషన్’ (వేలు ఎంతసేపు ఆనితే నొక్కినట్టు లెక్క), ‘ఇగ్నోర్ రిపీట్’ (వెంటవెంటనే పడే నొక్కుళ్లను వదిలేయడం) ఉంటాయి. ఈ ‘హోల్డ్ డ్యురేషన్’, ‘ఇగ్నోర్’ లాంటి వాటిలో ఒకేసారి ఎక్కువ సమయం పెట్టకండి, టైపింగ్ నత్తనడకన సాగి విసుగొస్తుంది. తక్కువతో మొదలుపెట్టి, ఆవిడతోనే నొక్కించి చూస్తూ పెంచండి.

ప్రశ్న: చొక్కా జేబులో ఉండగానే ఫోన్ ఎవరెవరికో కాల్ చేస్తోంది. చార్జింగ్‌లో ఉంటే దానంతటదే యాప్‌లు తెరుచుకుంటాయి. వైరస్సా? – ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఈ రెండు లక్షణాలకే వైరస్ అని టెన్షన్ పడక్కర్లేదు. పల్చటి గుడ్డ చెమటకు తడిస్తే దాని మీదుగానే ఒంటి స్పర్శ అద్దానికి తెలిసిపోతుంది. ‘డబుల్ ట్యాప్ టు వేక్’, ఎత్తగానే వెలిగే సదుపాయం ఆపేయండి. ‘పాకెట్ మోడ్’ లేదా ‘యాక్సిడెంటల్ టచ్ ప్రొటెక్షన్’ ఉంటే ఆన్ చేయండి. పైభాగంలో, ఇయర్‌పీస్ పక్కనుండే ప్రాక్సిమిటీ సెన్సర్‌తో ఫోన్ జేబులో ఉందని పసిగడుతుంది. టెంపర్డ్ గ్లాస్ ఆ చోటును కప్పేయకుండా చూసుకోండి.

చార్జింగ్ సంగతి వేరు. నాసిరకం చార్జర్ నుంచి వచ్చే విద్యుత్ అలజడిని చిప్ వేలిగా పొరబడుతుంది. వైర్ తీయగానే మామూలుగా పనిచేస్తే చార్జర్ మార్చండి. వైర్ తీసినా ఆగకపోతే స్క్రీన్ దెబ్బతిని ఉండొచ్చు. సర్వీస్ సెంటర్‌లో చూపించే వరకు ఆ ఫోన్‌లో యూపీఐ యాప్‌లు వాడకండి.