పొలం బేరం ఆపండి, ముందు కీమో లెక్క రాయించుకోండి

ప్రశ్న: మాది తెనాలి. నాన్నగారికి 71 ఏళ్లు. మూత్రాశయ క్యాన్సర్ లింఫు గ్రంథులకు పాకింది. జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందులు కలిపి ఆరు సైకిళ్లు (విడతలు) ఇస్తామన్నారు. ఆరేళ్లుగా 5 లక్షల ఆరోగ్య పాలసీ ఉంది, రెన్యువల్ జనవరిలో. నాన్న పేరున 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. అరెకరం పొలం అమ్మేయాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. అవసరంలో అమ్మే పొలానికి కొనేవాడు చెప్పిందే ధర. మీకు రాసిన రెండు మందులూ పాతవే, జనరిక్‌గా దొరుకుతాయి. ఖర్చు కూడా 21 రోజులకో విడతగా, నాలుగు నెలల పైన సాగుతుంది.

ఒక సైకిల్ అంచనా కాగితం మీద రాయించుకోండి. సాధారణంగా మొదటి రోజు రెండు మందులూ, ఎనిమిదో రోజు జెమ్‌సిటబిన్ ఒక్కటే ఎక్కిస్తారు. మోతాదు శరీర వైశాల్యాన్ని బట్టి ఉంటుంది: చదరపు మీటరుకు జెమ్‌సిటబిన్ 1000, సిస్‌ప్లాటిన్ 70 మి.గ్రా. నాన్నగారిది 1.7 చ.మీ. అనుకుంటే జెమ్‌సిటబిన్ 1700 మి.గ్రా. కావాలి. అంటే 1 గ్రాము వయల్ (మందు సీసా) ఒకటి, 200 మి.గ్రా. వయల్స్ నాలుగు. బిల్లులో గ్రాము వయల్స్ రెండు కనబడితే ఎందుకని అడగండి. డాక్టరు మోతాదు తగ్గించి ఉండొచ్చు కాబట్టి కీమో చార్టు పక్కన పెట్టుకుని సరిచూడండి.

లెక్క తప్పేది మందుల దగ్గర కాదు, మధ్యలో వచ్చే ఇబ్బందుల దగ్గర. తెల్లకణాలు పడిపోతే ఎనిమిదో రోజు డోసు ఆగుతుంది, వాటిని పెంచే ఇంజెక్షన్లు పడొచ్చు. జ్వరం వస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. సిస్‌ప్లాటిన్ కిడ్నీల మీద భారం వేస్తుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే లెక్క) పెరిగితే కార్బోప్లాటిన్ అనే మరో మందుకు మార్చవచ్చు, అప్పుడు అంచనా మళ్లీ రాయించుకోవాలి. అందుకే లక్షన్నర ఎప్పుడూ సేవింగ్స్ ఖాతాలో ఉంచండి.

పాలసీలో కీమో డే-కేర్ చికిత్స, అంటే ఆ రోజే ఇంటికి పంపేది. 24 గంటలు అడ్మిట్ కాలేదని క్లెయిమ్ కాదంటే ఒప్పుకోకండి. ప్రతి విడతకూ ముందే క్యాష్‌లెస్ అనుమతి పెట్టించండి. చికిత్సకు ముందూ తర్వాతా పాలసీ అనుమతించిన రోజుల్లో చేయించిన రక్తపరీక్షలు, స్కాన్ల అసలు బిల్లులు దాచి రీయింబర్స్‌మెంటుకు పంపండి. జనవరి ప్రీమియం గడువుకు ముందే కట్టండి. ఏడాదికోసారి కట్టే పాలసీలో ఆలస్యమైన రోజుల్లో పడిన కీమోకు క్లెయిమ్ రాదు.

70 నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు ఉంది, ఏడాదికి 5 లక్షల దాకా. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. ఆధార్‌తో ఈ వారమే చేయించండి, కీమో ఇచ్చే ఆసుపత్రి అందులో ఉందో లేదో చూడండి.

అసలు పెద్ద ఖర్చు ఆ తర్వాత రావచ్చు. నాలుగు నుంచి ఆరు సైకిళ్లకు జబ్బు పెరగకుండా నిలిస్తే, రెండు వారాలకోసారి అవెలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ను ఎదుర్కొనే మందు) సూచిస్తారు. అది చాలా ఖరీదు, నెలల తరబడి సాగుతుంది. చాలా పాలసీల్లో ఇమ్యునోథెరపీకి విడిగా పరిమితి ఉంటుంది; మీ పాలసీలో ఎంతో ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. పొలం గురించి ఆలోచించాల్సింది అప్పుడు, స్కాన్ రిపోర్టు చేతికొచ్చాక.

ఎఫ్‌డీ మొత్తం తెంచకండి. దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీ హామీగా బ్యాంకు ఇచ్చే అప్పు) తీసుకుంటే వాడుకున్నంతకే వడ్డీ. పాత పన్ను విధానంలో ఉంటే క్యాన్సర్ వంటి జబ్బుల చికిత్స ఖర్చుకు (1961 ఆదాయపు పన్ను చట్టంలో 80డీడీబీ సెక్షన్) లక్ష వరకు మినహాయింపు ఉంటుంది, బీమా వాళ్లు ఇచ్చినంత అందులోంచి తగ్గుతుంది. ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) ప్రిస్క్రిప్షన్ జాగ్రత్త చేయండి. నాన్నగారు బ్యాంకుకు రాగలిగిన రోజునే ఎఫ్‌డీలో, సేవింగ్స్‌లో అమ్మగారి పేరు కూడా చేర్పించి, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’గా (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు లేకపోతే మిగిలినవారు డబ్బు తీసేలా) మార్పించండి.