కంప్యూటర్ ఏ డీఎన్‌ఎస్ సర్వర్‌ను వాడుతున్నదో తెలుసుకోవడం

మిర్యాలగూడలోని మీ జిరాక్స్ దుకాణంలో విండోస్ కంప్యూటర్‌కు డీఎన్‌ఎస్‌ను (వెబ్‌సైట్ పేరుకు తగిన ఐపీ చిరునామాను చెప్పే సర్వర్‌ను) గూగుల్ వారి 8.8.8.8గా మార్చినా, అది అమలైందో లేదో తెలియడం లేదని రాశారు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఎన్‌ఎస్‌లుకప్’ (nslookup) అని కొట్టి ఎంటర్ నొక్కితే, ‘అడ్రస్’ అన్న వరుసలో కంప్యూటర్ వాడుతున్న డీఎన్‌ఎస్ సర్వర్ చిరునామా కనిపిస్తుంది. అక్కడ 192.168.1.1 వంటి సంఖ్య వస్తే, కంప్యూటర్ ఇంకా రూటర్‌నే అడుగుతున్నదని, రూటర్ ఆ ప్రశ్నను సాధారణంగా ఇంటర్నెట్ కంపెనీ సర్వర్‌కు పంపుతున్నదని అర్థం. డీఎన్‌ఎస్‌ను వైఫై సెట్టింగులో మార్చి, నెట్ మాత్రం లాన్ కేబుల్‌తో వాడటం మామూలుగా జరిగేదే కాబట్టి, మరో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ (ipconfig /all) కొట్టి ఏ అడాప్టర్ (వైఫై లేదా లాన్ కనెక్షన్) కింద ఏ సర్వర్ ఉన్నదో కూడా చూడండి. బ్రౌజర్‌లో ‘సెక్యూర్ డీఎన్‌ఎస్’ (డీఎన్‌ఎస్ ప్రశ్నలను బ్రౌజరే గుప్తంగా పంపే సదుపాయం) ఆన్‌లో ఉంటే, అది వీటితో సంబంధం లేకుండా వేరే సర్వర్‌ను అడగవచ్చు. దాన్ని బ్రౌజర్ సెట్టింగుల్లో విడిగా చూడాలి.