టేపు చివరి బ్లాకు దగ్గర ఈసీబీలో 41 ఎందుకు వస్తోంది?

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్‌లో టేపు చదివే మీ ఈఎక్స్‌సీపీ (ఛానల్‌కు ఆదేశాలు మనమే రాసి ఇచ్చే పద్ధతి) ప్రోగ్రామ్‌కు ప్రతి బ్లాకుకూ ఈసీబీలో (పని ఎలా ముగిసిందో తెలిపే చోటు) 7ఎఫ్, అంటే సవ్యంగా ముగిసిందని, వస్తూ, చివరి బ్లాకుకు మాత్రం 41, అంటే లోపంతో ముగిసిందని, వస్తోందని, అయినా డేటా బఫర్‌లో సరిగ్గానే ఉందని రాశారు. టేపు చెడిపోలేదు, డ్రైవ్‌ను అనుమానించనక్కరలేదు.

మీరు పెట్టిన డంపులో ఐఓబీ (ఆ రీడ్ వివరాలుండే కంట్రోల్ బ్లాకు) స్థితి బైట్లు హెక్సాడెసిమల్‌లో 0సి40 అని ఉన్నాయి. 0సి అంటే ఛానల్ ఎండ్, డివైస్ ఎండ్ రెండూ వచ్చాయని, అంటే చదవడం పూర్తయిందని. 40 అంటే ఇన్‌కరెక్ట్ లెంగ్త్, అడిగిన పొడవూ వచ్చిన పొడవూ ఒకటి కాదని. ఆ వెంటనే ఉన్న 4790 మిగులు లెక్క, అంటే అడిగినవాటిలో రాకుండా మిగిలిన బైట్ల సంఖ్య, దశాంశంలో 18320. సీసీడబ్ల్యూలో (ఛానల్‌కు ఇచ్చే ఆదేశం) మీరు అడిగినది 27920 బైట్లు కనుక, వచ్చినవి 9600 బైట్లు, అనగా 80 బైట్ల రికార్డులు 120. బీసామ్ అనే యాక్సెస్ మెథడ్ (చదవడం, రాయడం మన తరఫున చేసిపెట్టే సిస్టమ్ కోడ్) వాడితే ఈ తేడాను అదే చూసుకుంటుంది. ఈఎక్స్‌సీపీలో ఆ బాధ్యత మనది.

పొడవు తేడాను లోపంగా చూపవద్దని చెప్పే ఎస్ఎల్ఐ ఫ్లాగ్‌ను, అంటే హెక్సాడెసిమల్ 20ని, సీసీడబ్ల్యూలో పెట్టమని చాలామంది చెబుతారు. పెట్టాల్సిందే, కానీ దానితోనే ఆగిపోవద్దని నా మనవి. విశాఖపట్నంలో, రుషికొండ కొండ మీది ఒక కార్యాలయంలో రాత్రి షిఫ్టు చేసే రోజుల్లో నేనూ అంతే చేశాను. 41 పోయింది, పని పూర్తయిందనుకున్నాను. కొన్నాళ్లకు వేరేచోట నుంచి 32720 బైట్ల బ్లాకులతో ఒక టేపు వచ్చింది. నా లెక్క 27920 దగ్గరే ఉండటంతో ప్రతి బ్లాకులోని 409 రికార్డుల్లో 349 మాత్రమే బఫర్‌లోకి వచ్చి, మిగిలిన 60 రాలిపోయాయి. పొడవు తేడాను పట్టించుకోవద్దని ఛానల్‌కు చెప్పింది నేనే కనుక, ఈసీబీలో ప్రతిసారీ 7ఎఫ్ వచ్చింది. తెల్లవారుజామున మొత్తాలు కలవకపోతే రెండు రోజులు లెక్కల ప్రోగ్రామ్‌లోనే తప్పు వెతికాను, తీరా చూస్తే అది చదివే చోట ఉంది.

అప్పటి నుంచి ఎస్ఎల్ఐతో పాటు రెండు పనులు తప్పనిసరిగా చేస్తున్నాను. బఫర్‌నూ, సీసీడబ్ల్యూ లెక్కనూ రాగల అతిపెద్ద బ్లాకు కంటే ఒక బైటైనా ఎక్కువ పెడతాను. ఆ లెక్క 16 బిట్లది కనుక 65535 దాకా చోటుంది. ప్రతి రీడ్ తర్వాత సీసీడబ్ల్యూ లెక్కలోంచి మిగులు లెక్కను తీసివేసి అసలు పొడవు కడతాను, మిగులు సున్నా అయితే బ్లాకు తెగిందేమోనన్న అనుమానంతో ప్రోగ్రామ్‌ను అక్కడే ఆపేస్తాను.

ఎస్ఎల్ఐ పెట్టాక కూడా టేప్ మార్క్ (టేపు మీద ఫైలు ముగింపు గుర్తు) దగ్గర మీకు 41 మళ్లీ కనిపిస్తుంది. అప్పుడు స్థితి బైట్లు 0డి00 అయితే అది యూనిట్ ఎక్సెప్షన్, అంటే ఫైలు ముగిసింది. దాన్ని లోపంగా కాక ఫైలు ముగింపుగానే మీ కోడ్‌లో రాసుకోండి.