కరెంటు లైనా, సోలారా? ముందు పక్క చేను ఆయన్ను అడగండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి పక్క పల్లె. అమ్మానాన్న ఊరికి దూరంగా చేలోనే ఇల్లు కట్టుకుని గొర్రెలు మేపుకుంటున్నారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను, చేతికొచ్చేది నెలకు 62 వేలు. 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. కరెంటు లైను మా ఇంటికి 1.1 కిలోమీటర్ల దూరం. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ కలిపి 4.2 లక్షలని ఎస్టిమేట్ ఇచ్చారు. సోలార్ పెట్టే ఆయన 5 కిలోవాట్ల ప్యానెళ్లు, 15 యూనిట్ల లిథియం బ్యాటరీకి 6.8 లక్షలు చెప్పాడు. 78 వేలు సబ్సిడీ వస్తుందని, 13 శాతం వడ్డీకి పర్సనల్ లోన్ కూడా తనే ఇప్పిస్తానని అంటున్నాడు. అమ్మ ఇన్సులిన్ వాడుతుంది కాబట్టి ఫ్రిజ్ ఆగకూడదు. సాఫ్ట్‌వేర్‌లో డిజైన్ చేసిన రిపోర్టు కూడా ఇచ్చాడు, జత చేశాను. తీసుకోమంటారా?

జవాబు: ఆ రేటుకి, ఆ లోన్‌తో అయితే వద్దు. సోలారే వద్దని నేననడం లేదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

మీరు పంపిన రిపోర్టు చూశాను. సాఫ్ట్‌వేర్ లెక్క తప్పలేదు, దానికి అందించిన అంకెలే తప్పు. మొదటి పేజీలో మీ ఇంటి వాడకం రోజుకు 9 యూనిట్లని రాసి ఉంది. ఏడాదిలో ఎంత కరెంటు కొరతను ఓర్చుకోగలరు అనే గడిలో సున్నా ఉంది. బిల్లును 6.8 లక్షలకు లాక్కెళ్లింది ఈ రెండు గడులే.

ఇలాంటి డిజైన్లలో బాగా పేరున్న హోమర్ అనే సాఫ్ట్‌వేర్, లైను వెళ్లని పల్లెల కోసమని అమెరికాలోని నేషనల్ రెన్యువబుల్ ఎనర్జీ లేబొరేటరీలో 1990లలో పుట్టింది. అది చేసే పని చెబితే సులువుగానే అర్థమవుతుంది. ఏడాదిలో ఉండే 8,760 గంటల్లో గంటగంటకూ ఎండ ఎంత, ఇంటి వాడకం ఎంత, బ్యాటరీలో మిగిలింది ఎంత అని లెక్క కడుతుంది. ఇన్ని ప్యానెళ్లు అంత బ్యాటరీ అని వందల జతలు వేసి చూసి, కొన్నప్పటి ధరతో పాటు ఏళ్ల తరబడి అయ్యే ఖర్చంతా కలిపి, తక్కువలో తేలినదాన్ని పైన పెడుతుంది. కొరత సున్నా అని రాస్తే మాత్రం ఆ 8,760 గంటల్లో అన్నిటికంటే చెడ్డ గంటకు సరిపడేంత బ్యాటరీ కొనమంటుంది. మన దగ్గర ఆ చెడ్డ గంట నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండం పట్టిన మూడో రోజునో నాలుగో రోజునో వస్తుంది. ఏడాదికి అలాంటివి నాలుగైదు రోజులు. వాటి కోసం మిగతా 360 రోజులూ ఊరికే పడి ఉండే బ్యాటరీని మీరు అప్పు చేసి కొంటున్నారు.

ముందు ఆ 9 యూనిట్లు చూద్దాం. మీ ఉత్తరంలోని సామాన్ల జాబితాతో నేను వేసిన లెక్క ఇదీ. ఇంట్లో 9 వాట్ల బల్బులు ఐదు, రోజుకు ఐదు గంటలు. నక్కలు, కుక్కల భయానికి గొర్రెల కొట్టంలో రెండు బల్బులు రాత్రంతా. ఈ బల్బులన్నీ కలిపినా అర యూనిట్ దాటవు. చిన్న ఫ్రిజ్ 0.7 యూనిట్లు. తాగునీళ్ల అర హెచ్‌పీ మోటారు నలభై నిమిషాలకు 0.33. టీవీ, మిక్సీ, ఫోన్లు, వైఫై అన్నీ కలిపి మరో అర యూనిట్ పైన. మిగిలింది ఫ్యాన్లు. మీ జాబితాలోని 75 వాట్ల ఫ్యాన్లు మూడూ పన్నెండు గంటలు తిరిగితే 2.7 యూనిట్లు. వాటి బదులు తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే 1.08 యూనిట్లే. మొత్తం పాత ఫ్యాన్లతో 4.7 యూనిట్లు, కొత్తవాటితో 3.1. మూడు ఫ్యాన్లకు 9 వేలవుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టే ఖర్చుల్లో దీనికంటే లాభమైనది ఇంకోటి లేదు. ఆ రిపోర్టు రాసినాయన ఈ మాట చెప్పకపోవడం నాకేమీ వింత కాదు, ఫ్యాన్లు అమ్మితే ఆయనకేం మిగులుతుంది!

ఇక మీరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఏ చోట ఎంత సోలార్ కరెంటు వస్తుందో లెక్కగట్టే యూరోపియన్ కమిషన్ వాళ్ల వెబ్‌సైటు పీవీజీఐఎస్ ఉచితం, ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. అందులో ఆఫ్‌గ్రిడ్, అంటే లైనుకు కలపని సోలార్ భాగానికి వెళ్లి, మ్యాపులో మీ చేను మీద వేలు పెట్టి, మీకు సరిపోతుందని నేననుకునే సైజు ఇవ్వండి: ప్యానెళ్లు 2,000 వాట్లు, బ్యాటరీ 5,100 వాట్ అవర్లు (అంటే 5.1 యూనిట్లు), రోజు వాడకం 3,100. మూడు చోట్ల జాగ్రత్త పడాలి. ప్యానెల్ వాలు 35 డిగ్రీలని ముందే వేసి ఉంటుంది. అది యూరప్ లెక్క. మనకు ఏడాది మొత్తం మీద 15 బాగుంటుంది, మీ అవసరం డిసెంబరుది కాబట్టి 20 వేయండి. బ్యాటరీ ఎంతకు దిగితే ఆపాలి అన్నచోట 40 శాతం ఉంటుంది, లిథియానికి 20 చాలు. మూడోది దిక్కు. ఇందులో సున్నా అంటే దక్షిణం. పీవీవాట్స్ లాంటి అమెరికా సాఫ్ట్‌వేర్‌లలో దక్షిణానికి 180 వేయాలి, సున్నా వేస్తే ప్యానెళ్లు ఉత్తరానికి తిరిగిపోతాయి. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఇక్కడ బోల్తా పడటం నేను చూశాను. చివర్లో బ్యాటరీ పూర్తిగా నిండిన రోజులు ఇన్ని శాతం, అడుగంటిన రోజులు ఇన్ని శాతం అని చూపిస్తుంది. నెలవారీ బొమ్మలో నవంబరు, డిసెంబరు గీతలు చూడండి. తర్వాత బ్యాటరీని 10,000 చేయండి, 15,000 చేయండి. అడుగంటే రోజులు ఎంత తగ్గాయో, ఆ తగ్గినదానికి ఎంత డబ్బు పోస్తున్నారో మీకే తెలుస్తుంది.

ఒక్క మాట. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఉదయగిరి కొండ నీడ తెలుస్తుంది గానీ, మీ ఇంటి పడమర వైపు వేపచెట్టు నీడ తెలియదు. నేనిది డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కనిగిరి దగ్గర మా మామగారి కొట్టం మీద ప్యానెళ్లు పెట్టించినప్పుడు మే నెలలో చూసుకుని మురిసిపోయాం. డిసెంబరు వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వాలిపోయి, మధ్యాహ్నం మూడు కాగానే చెట్టు నీడ రెండు ప్యానెళ్ల మీదికి పాకింది. దానికి తోడు బ్యాటరీలను రేకుల కింద పెట్టించాను. లెడ్ బ్యాటరీ వేడెక్కితే ఆయుష్షు సగానికి సగం పడిపోతుందని పుస్తకాల్లో ఉన్న ముక్కే, నా చేతులతో పెట్టేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. మూడో ఏడాదికే మార్చాల్సి వచ్చింది. "అబ్బాయా, మనుషులే ఉండలేని చోట దాన్నెట్టా ఉంచావు" అన్నాడు మామ. మీరు బ్యాటరీని ఇంట్లో, గాలి ఆడే గదిలో పెట్టండి.

వాన రోజుల సంగతి చేత్తోనే వేసి చూద్దాం. మబ్బు పట్టి ఎండ నాలుగో వంతుకు పడిపోయిందనుకోండి. మామూలుగా కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్లు వచ్చేది ఒక్కటే వస్తుంది. 2 కిలోవాట్లకు 2 యూనిట్లు, నష్టాలు పోను 1.6 చేతికొస్తుంది. వాడకం 3.1 అయితే రోజుకు 1.5 లోటు. బ్యాటరీలో వాడదగినది 4.1 యూనిట్లు కాబట్టి రెండున్నర రోజులు దాటి లాగుతుంది. కానీ ముసురు పట్టిన రోజుల్లో మూడు ఫ్యాన్లు పన్నెండు గంటలు ఎవరు తిప్పుతారు? ఫ్యాన్లు, టీవీ తగ్గితే వాడకం 2.3కి వస్తుంది, లోటు 0.7. అదే బ్యాటరీ ఆరు రోజులు లాగుతుంది. వాడకాన్ని ఏడాది పొడవునా ఒకే గీతలా ఇస్తే సాఫ్ట్‌వేర్‌కు ఈ సంగతి తెలియదు. నెలనెలకూ వేరుగా ఇచ్చే వీలున్న చోట ఇచ్చి చూడమనండి.

అమ్మగారి ఇన్సులిన్ పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టారని ఉత్తరం చదివితేనే అర్థమైంది. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలన్న మాట నిజం. అందుకే ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ నుంచి వేరే వైరు లాగించి, బ్యాటరీ తగ్గినప్పుడు చివరిదాకా అదొక్కటే నడిచేలా పెట్టించండి. దానికి పైన చిన్న పెట్రోలు జనరేటర్, 35 వేల లోపుది. నాలుగైదు గంటలు నడిపితే ఒక రోజు కరెంటు బ్యాటరీలోకి ఎక్కుతుంది, రెండున్నర లీటర్ల పెట్రోలు తాగుతుంది. ఏడాదికి ఏడెనిమిది సార్లు నడిపినా పెట్రోలుకు 2 వేల పైచిలుకు. ఇది వద్దని 5 యూనిట్ల బ్యాటరీ బదులు 15ది పెడితే అదనంగా లక్షన్నర. ఆ లక్షన్నర బ్యాంకులో ఉంటే ఏడాదికి 10 వేల వడ్డీ వస్తుంది. జనరేటర్ శబ్దానికి గొర్రెలు బెదురుతాయంటే కాస్త దూరంగా పెట్టించండి.

ఇప్పుడు మొత్తం డబ్బు. 2 కిలోవాట్ల ప్యానెళ్లు, స్టాండు, వైరింగు లక్ష. బ్యాటరీ 90 వేలు. 3 కేవీఏ ఇన్వర్టర్ 45 వేలు. ఎర్తింగు, పిడుగుల నుంచి కాపాడే సామాను, కూలి 25 వేలు. అంటే 2.6 లక్షలు. ఇవి నా అంచనాలు, మీరు ఇద్దరు ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకుని పోల్చండి. ప్యానెళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది, కొటేషన్‌లో పాత రేటు వేశారేమో చూసుకోండి. ఫ్యాన్లు, జనరేటర్ కలిపితే చేతి నుంచి పోయేది 3.04 లక్షలు. పదేళ్లకు బ్యాటరీ, ఇన్వర్టర్ మార్చాల్సి వస్తుందనుకుందాం, ఏడాదికి రిపేర్లకు 4 వేలు, పెట్రోలుకు 2 వేలు. ఇరవై ఏళ్ల ఈ ఖర్చులన్నిటినీ 7 శాతం లెక్కన ఈనాటి విలువకు తెస్తే, అంటే వాటిని తీర్చడానికి ఈ రోజు 7 శాతం వడ్డీకి ఎంత వేసి ఉంచాలో చూస్తే, మొత్తం 4.36 లక్షలు.

లైను వేయించుకుంటే 4.2 లక్షలు, నెలకు 400 చొప్పున ఇరవై ఏళ్ల బిల్లు ఈనాటి విలువలో 51 వేలు, మొత్తం 4.71 లక్షలు. సోలార్ ఆయన ఇచ్చిన కొటేషన్‌ను ఇదే తూకంలో వేస్తే, పదేళ్ల తర్వాత అంత పెద్ద బ్యాటరీ మార్చే ఖర్చుతో కలిపి 8.8 లక్షలు అవుతుంది. పర్సనల్ లోన్ వడ్డీ ఇందులో లేదు. ఐదేళ్లకు నెలకు 15,470 చొప్పున కట్టుకుంటూ పోతే అదొక్కటే మరో 2.48 లక్షలు.

హోమర్‌లో ఒక ముచ్చటైన అంకె వస్తుంది. లైను ఎంత దూరం ఉంటే సోలార్, లైను సరిసమానం అవుతాయో చెబుతుంది. పై లెక్క ప్రకారం మీకు ఆ దూరం దాదాపు కిలోమీటరు. మీరున్నది 1.1 దగ్గర. అంటే గట్టు మీద నిలబడ్డారు, ఎటు కాలు జారినా అటే. 6.8 లక్షల డిజైన్‌తో చూస్తే లైనే నయం, సరైన సైజుతో చూస్తే సోలార్ ఓ 35 వేలు చవక. ఇంత చిన్న తేడా మీద నేను ఎవరికీ గట్టిగా సలహా ఇవ్వను.

అందుకే ఉత్తరం చివర్లో మీరు ఊరికే రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పక్క చేలో మరొకాయనకు కూడా కొట్టం ఉందని, ఆయనకూ కరెంటు లేదని రాశారు. ఆయన సగం భరిస్తే మీ వాటా 2.1 లక్షలు. బిల్లులతో కలిపి 2.61. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ కోసం ఓ 30 వేల ఇన్వర్టర్ పెట్టుకున్నా 3 లక్షల లోపే. అప్పుడు సోలార్ దీని దరిదాపుల్లోకి రాదు. పైగా సోలార్ ఆయన చెప్పిన సబ్సిడీ, అంటే 2024లో మొదలైన పీఎం సూర్యఘర్, లైనుకు కలిపిన ఇళ్లకే ఇస్తారు. 3 కిలోవాట్లకు, ఆపైన 78 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు. లైను లేని మీ ఇంటికి ఇప్పుడు ఒక్క రూపాయి రాదు. లైను వచ్చాక కావాలంటే అప్పుడు ఆ 60 వేలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కాబట్టి ఈ నెలలో ఊరికి వెళ్లినప్పుడు నాన్నగారిని వెంటబెట్టుకుని పక్క చేను ఆయన్ను కలవండి. సంక్రాంతి దాకా గడువు పెట్టుకోండి. ఆయన రానంటే 2 కిలోవాట్ల సోలార్‌కే వెళ్లండి. డబ్బు కోసం ఎఫ్‌డీ మొత్తం విరవొద్దు, ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లు ఉన్నప్పుడు రెండు లక్షలు కదలకుండా ఉండాలి. రెండు లక్షలు దాని నుంచి తీసి, మిగతా లక్షకు మిగిలిన ఎఫ్‌డీ మీదే లోన్ తీసుకోండి. వడ్డీ మీ ఎఫ్‌డీ రేటుకు ఒకటి రెండు శాతం పైన మాత్రమే ఉంటుంది. బక్రీద్ ముందు పొట్టేళ్లు అమ్మిన డబ్బుతో నాన్నగారు అది తీర్చేయగలరు. ప్యానెళ్లు బిగించిన నెల నుంచే 800 రూపాయల ఆర్‌డీ కట్టండి. 6.5 శాతం వడ్డీతో పదేళ్లకు 1.35 లక్షలవుతుంది, బ్యాటరీ, ఇన్వర్టర్ మార్చడానికి సరిగ్గా అంతే కావాలి.

వేపచెట్టు నీడ డిసెంబరులో మూడింటికి ఎక్కడ పడుతుందో ఫోటో తీసి పంపండి. కొమ్మలు కొట్టించాలో, ప్యానెళ్లు కొట్టం మీదికి మార్చాలో చూసి చెబుతాను.