గొలుసు తాకట్టు పెట్టకండి, అబ్బాయిని సైటు వదలవద్దనండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. నేను నేత పని చేస్తాను. మా అబ్బాయి ఈసీఈలో బీటెక్ పూర్తిచేశాడు. విజయనగరంలో సెల్ టవర్లు కట్టి, ఫైబర్ కేబుల్ వేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఏడాదిన్నరగా సైట్ ఇంజనీరుగా ఉన్నాడు. ఆ కంపెనీ ఇప్పుడు మూడు ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) సర్టిఫికెట్లకు దరఖాస్తు చేస్తోందట. ఆ కాగితాల పనంతా మావాడికి అప్పగించి ఆఫీసులో కూర్చోబెట్టారు. విశాఖపట్నంలోని ఒక శిక్షణ సంస్థ వాళ్లు అయిదు రోజుల లీడ్ ఆడిటర్ కోర్సు (కంపెనీలు ఆ ప్రమాణాలు పాటిస్తున్నాయా అని తనిఖీ చేసే బృందానికి పెద్దగా ఉండే శిక్షణ) చేస్తే ఆడిటరు ఉద్యోగం ఖాయమంటున్నారు. ఫీజు కోసం వాళ్లమ్మ గొలుసు తాకట్టు పెడదామనుకుంటున్నాం. ఇంజనీరింగ్ చదివి రిజిస్టర్లు రాసుకుంటూ కూర్చుంటే వాడికి భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: నమస్కారమండీ. ముందు గొలుసు సంగతి చెబుతాను. దాన్ని తాకట్టు పెట్టకండి.

లీడ్ ఆడిటర్ కోర్సు మోసం అని నేను అనడం లేదు. గుర్తింపు ఉన్న చోట చేస్తే అది మంచి కోర్సే. సాధారణంగా అయిదు రోజులు, 40 గంటలు ఉంటుంది, చివర్లో పరీక్ష పెడతారు. అయితే అది పాసైన కుర్రాడి చేతికి వచ్చేది ఆ కోర్సు పూర్తిచేశాడనే పత్రం మాత్రమే. ఆడిటరుగా నమోదు కావాలంటే పనిచేసిన అనుభవం కావాలి, సీనియర్ ఆడిటర్ల వెంట వెళ్లి చేసిన ఆడిట్‌ల లెక్క చూపాలి. పైగా ఆడిట్ చేసి సర్టిఫికెట్ ఇచ్చే సర్టిఫికేషన్ సంస్థ ఒక మనిషిని నిర్మాణ కంపెనీకి ఆడిట్‌కు పంపాలంటే, అతనికి నిర్మాణం పని తెలుసని ముందు తాను నిర్ధారించుకోవాలి. ఏడాదిన్నర అనుభవంతో, అందులోనూ కొన్ని నెలలు ఆఫీసులో గడిపి, అయిదు రోజుల కోర్సు చేసినవాడికి ఉద్యోగం ఖాయమని ఎవరు చెప్పినా నమ్మకండి. ఆ మాట వాళ్ల చేత కాగితం మీద రాసివ్వమనండి. ఇవ్వరు.

ఇక మీ అసలు భయం, కాగితాల పని గురించి. దీనికి జవాబు మీ ఊళ్లోనే ఉంది. పొందూరు సన్న ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు కదా. అక్కడ చేయి తొందరపడితే వడికేటప్పుడు దారం నిలవదు, మగ్గం దాకా వచ్చాక మీరెంత జాగ్రత్తపడినా పోగు తెగుతూనే ఉంటుంది. బట్ట తయారయ్యాక పరీక్షిస్తే నాణ్యత రాదని, ప్రతి మెట్టు దగ్గరా అది పుట్టాలని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1987లో మొదటిసారి వెలువడి, 2015లో పెద్దగా మారిన ఐఎస్ఓ 9001 అనే నాణ్యతా ప్రమాణం సారాంశం దాదాపు ఇదే. మీ అబ్బాయి కంపెనీ అడుగుతున్న మూడింటిలో అది ఒకటై ఉంటుంది. పర్యావరణానికి సంబంధించిన 14001, కార్మికుల ఆరోగ్య భద్రతకు సంబంధించిన 45001 మిగతా రెండూ అయి ఉంటాయి. టవర్ల పనులు, ఫైబర్ పనులు ఇచ్చే పెద్ద సంస్థలు టెండర్లలో ఎక్కువగా అడిగేవి ఇవే. మూడింటికీ అధ్యాయాల చట్రం ఒకటే కాబట్టి మూడింటినీ కలిపి ఒకే వ్యవస్థగా నడపవచ్చు. మీవాడు ఇప్పుడు నేర్చుకుంటున్నది ఒక్క నేర్పు కాదు, మూడు.

టవరు పనిలో ఇది ఎంత అవసరమో చెబుతాను. పునాది గొయ్యిలో కాంక్రీటు పోసి మట్టి కప్పాక దాని బలం ఎవరి కంటికీ కనిపించదు. ఆ రోజు అదే కాంక్రీటుతో పోసి తీసిన క్యూబులు (పరీక్ష దిమ్మలు) 7 రోజులకు, 28 రోజులకు పరీక్షలో ఎంత బరువు తట్టుకున్నాయో రాసిన కాగితమే సాక్ష్యం. ఫైబర్ అతుకు బాగుందని చెప్పే ఓటీడీఆర్ యంత్రం, ఎర్తింగ్ కొలిచే మీటరు, బోల్టు బిగింపు చూసే టార్క్ రెంచ్ సరిగా చూపిస్తున్నాయా లేదా అన్నది వాటి కాలిబ్రేషన్ పత్రం, అంటే కొలత సరిచూసిన పత్రం, చెబుతుంది. యంత్రమే తప్పు చూపిస్తే నెల రోజుల పనంతా అనుమానమే. ఈ కాగితాలను నిజాయితీగా రాసేవాడు గుమాస్తా కాడండీ. కప్పేసిన పనికి జవాబుదారీ అతనే.

కాగితం అబద్ధమైతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. సలహాలు చెప్పే ఈ పనిలోకి రాకముందు కొంతకాలం కేబుల్ పనుల్లో నాణ్యత తనిఖీ చేశాను. మామూలు నేలలో ఫైబర్‌కు 165 సెంటీమీటర్ల లోతు తవ్వాలన్నది బీఎస్ఎన్ఎల్ పాటించిన పద్ధతి, మా పనికీ అదే షరతు. ఒక మార్గం మొత్తానికి రిజిస్టరులో వరసగా 165, 165 అని రాసి ఉంది. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒక్క చోట కూడా 160 లేదు, 170 లేదు. కాలువ గట్టు దగ్గర నాకు అనుమానం వచ్చి తవ్వించాను. మోకాలి లోతులోనే పైపు తగిలింది. రాయి అడ్డొచ్చిందని అక్కడి మనుషులు ఆపేశారు. రాసినవాడు ఆ గట్టు దగ్గరికే వెళ్లలేదు. అతను చెడ్డవాడు కాదు, మీ అబ్బాయిలాగే ఆఫీసులో కూర్చోబెట్టిన కుర్రాడు. అందుకే ఆఫీసు పనికి ఒప్పుకోమని చెబుతూనే, సైటును మాత్రం వదలవద్దని గట్టిగా చెబుతున్నాను. వారంలో కనీసం రెండు మూడు రోజులు సైటులో ఉండేలా మేనేజరుతో మాట్లాడుకోవాలి. అది కుదరకపోతే ఆ కంపెనీలో ఎక్కువ కాలం ఉండవద్దనండి.

45001 గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా దృష్టిలో మూడింటిలో ప్రాణం అక్కడే ఉంది. అది 2018 మార్చిలో వెలువడింది, అంతకుముందున్న ఓహెచ్‌ఎస్‌ఏఎస్ 18001 స్థానంలో వచ్చింది. కంపెనీ సొంత ఉద్యోగులతో ఆగకుండా సబ్ కాంట్రాక్టర్ల మనుషుల బాధ్యత కూడా తీసుకోమంటుంది. టవరు ఎక్కేది దాదాపు ఎప్పుడూ వాళ్లే. ప్రమాదాన్ని తగ్గించడానికి ఒక వరస కూడా చెబుతుంది. ముందు ఆ ప్రమాదకరమైన పనే లేకుండా చేయగలమా చూడాలి. కింద నేల మీదే బిగించగలిగినదాన్ని పైకెక్కి బిగించకూడదు. బెల్టు, హెల్మెట్ ఆ వరసలో చివరివి. మన దగ్గర చాలాచోట్ల చివరిదాన్నే మొదటిదిగా పెట్టి, బెల్టు ఇచ్చాం కాబట్టి బాధ్యత తీరిందనుకుంటారు. ఇచ్చిన బెల్టుకైనా రెండు కొక్కేలు ఉండాలి. ఒకటి విప్పేటప్పుడు రెండోది తగిలించి ఉండకపోతే ఎక్కే ప్రతి అడుగులో ఒక క్షణం మనిషి గాలిలో ఉన్నట్టే.

ఇంకొకటి. ఉదయం పని మొదలుపెట్టే ముందు భద్రత గురించి చెప్పే నాలుగు మాటల్ని టూల్ బాక్స్ టాక్ అంటారు. మన జిల్లాల సైట్లలో ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు కూడా ఉంటారు. తెలుగులో చెప్పి, ఇంగ్లిషులో రాసి, ఆ రెండూ రానివాళ్ల చేత సంతకాలు పెట్టించుకున్న రిజిస్టర్లు నేను చూశాను. మీ అబ్బాయి పది వాక్యాలు హిందీలో, పది వాక్యాలు ఒడియాలో భద్రత గురించి చెప్పగలిగితే, ఏ కోర్సు పత్రం లేకపోయినా ఆ కంపెనీలో అతని విలువ పెరుగుతుంది. ఇందులో మీకు రూపాయి ఖర్చు లేదు.

14001కు సంబంధించి ఈ రంగంలో చూడవలసినవి తక్కువే. జనరేటరు నుంచి తీసిన పాత నూనె ఎక్కడికి పోతోంది, పాడైన బ్యాటరీలు ఎవరికి ఇస్తున్నారు, తవ్విన మట్టి ఎవరి పొలంలో వదిలేశారు. అయితే 2024 ఫిబ్రవరిలో ఈ ప్రమాణాలన్నిటిలోకీ ఒక చిన్న సవరణ వచ్చింది. వాతావరణ మార్పు తమ పనికి సంబంధించిన విషయమా కాదా అని ప్రతి సంస్థా ఆలోచించుకోవాలి. చాలా కంపెనీలు దీన్ని ఒక్క వాక్యంతో దాటేస్తాయి. శ్రీకాకుళంలో అలా దాటేయడం నాకు బాధగా ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. పై ఊళ్లలో పనిచేసుకునే పిల్లలు ఇంటికి ఫోను కలవక ఎంత తల్లడిల్లారో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. గాలికి తట్టుకునే పునాది, ముంపు ఎత్తుకు పైన పెట్టిన బ్యాటరీలు, తుపాను హెచ్చరిక రాగానే డీజిల్ ఎవరు నింపాలో రాసిపెట్టుకున్న పట్టిక, ఇవన్నీ మీవాడు ఆ సవరణ కింద నిజంగా చేయగలిగిన పనులు.

కంపెనీ సర్టిఫికెట్ ఎక్కడినుంచి తెచ్చుకుంటోందో కూడా అబ్బాయిని కనుక్కోమనండి. జెనీవాలోని ఐఎస్ఓ ప్రమాణాలు రాస్తుందే తప్ప ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఇచ్చేవి సర్టిఫికేషన్ సంస్థలు. వాటికి గుర్తింపు ఇచ్చేది మన దేశంలో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఉన్న ఎన్ఏబీసీబీ. నిజమైన సర్టిఫికేషన్‌లో ఆడిటర్లు రెండు దశల్లో వస్తారు, సైటుకు వెళ్లి చూస్తారు. సర్టిఫికెట్ మూడేళ్లు ఉంటుంది, మధ్యలో ఏటా నిఘా ఆడిట్ ఉంటుంది. పత్రాలు రాసిపెట్టేవారూ సర్టిఫికెట్ ఇచ్చేవారూ ఒకరే అయితే అది నియమాలకు విరుద్ధం. మూడు రోజుల్లో మొత్తం మేమే చూసుకుంటాం అని ఎవరైనా కంపెనీకి వస్తే అందులో మీ అబ్బాయి నేర్చుకునేది ఏమీ ఉండదు. అలాంటి సర్టిఫికెట్ కోసం చూపించే రిజిస్టర్ల మీద ఉండేది అతని సంతకమేనని గుర్తుచేయండి. గుర్తింపు ఉన్న సర్టిఫికెట్లను వెతికి చూసుకోవడానికి ఐఏఎఫ్ సెర్ట్‌సెర్చ్ అనే ఉచిత వెబ్‌సైటు ఉంది.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. కంపెనీలో అంతర్గత ఆడిట్ చేయడం ఈ ప్రమాణాల ప్రకారం తప్పనిసరి, అది ఎవరో ఒకరు చేయాలి. దానికి రెండు మూడు రోజుల ఇంటర్నల్ ఆడిటర్ శిక్షణ చాలు. ఆ ఖర్చు కంపెనీదే కావాలి, పని వాళ్లది కాబట్టి. అడగడానికి అబ్బాయి మొహమాటపడితే మీరు ధైర్యం చెప్పండి. సర్టిఫికేషన్ ఆడిటర్లు వచ్చిన రోజున వాళ్ల పక్కనే తిరగమనండి. వాళ్లు ఏ ప్రశ్న అడిగారో, ఏ గదిలోకి వెళ్లారో, ఏ కాగితం మీద వేలు పెట్టారో రాత్రికి నోటుపుస్తకంలో రాసుకోవాలి. రెండు సర్టిఫికేషన్ ఏళ్లు ఇలా గడిస్తే, అప్పటికి జీతంలోంచి దాచుకున్న డబ్బుతో లీడ్ ఆడిటర్ కోర్సు చేయవచ్చు. చేరేముందు ఆ కోర్సుకు, ఆడిటర్ కోర్సులకు గుర్తింపునిచ్చే సీక్యూఐ ఐఆర్‌సీఏ వంటి సంస్థ గుర్తింపు ఉందా, ప్రమాణంలో ఏ ఎడిషన్ బోధిస్తున్నారు అని అడగాలి.

భద్రత వైపే మనసు పోతే దారి వేరు. పెద్ద నిర్మాణాల్లో చట్టప్రకారం సేఫ్టీ ఆఫీసరు కావాలంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న పారిశ్రామిక భద్రత డిప్లొమా కావాలి. లీడ్ ఆడిటర్ పత్రం దానికి బదులు కాదు. చెన్నైలోని ప్రాంతీయ శ్రామిక సంస్థలో అలాంటి డిప్లొమా ఉంది. ఈ తేడా శిక్షణ సంస్థలు ముందుగా చెప్పవు కాబట్టి చెబుతున్నాను.

ఆదివారం అబ్బాయి పొందూరు వచ్చినప్పుడు జీతం సంగతి, కోర్సు సంగతి కాసేపు పక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడగండి. ఈ నెలలో నువ్వు సంతకం పెట్టిన రిజిస్టర్లలో, నువ్వు స్వయంగా వెళ్లి చూసి రాసినవి ఎన్ని? అతను చెప్పిన జవాబు నాకు రాయండి. సగానికి తక్కువైతే ఆ కంపెనీ మారడం గురించి మాట్లాడుకుందాం.