టైలరింగ్ సెంటర్‌కి గుర్తింపు కోసం ఎవరికీ రెండు లక్షలు ఇవ్వకండి

మీరు అడిగింది ఇది: పన్నెండేళ్లుగా ఇంటి పక్క గదిలో ఆడపిల్లలకు కుట్టు నేర్పుతున్నారు. ఇప్పుడు వాళ్లకు ప్రభుత్వం ఒప్పుకునే సర్టిఫికెట్ ఇప్పించాలనుకుంటున్నారు. ఒకాయన రెండు లక్షలిస్తే గుర్తింపు తెప్పిస్తానన్నాడు, ఇవ్వొచ్చా అని.

ఇవ్వకండి. నేను తెనాలి దగ్గర ఇలాంటి సెంటరే నడిపాను. మొదటిసారి గుర్తింపు రాలేదు, రెండోసారి వచ్చింది. రెండుసార్లూ దరఖాస్తు నేనే పెట్టుకున్నాను. కట్టాల్సిన ఫీజు దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్‌లోనే కడతాం, రసీదు వస్తుంది. ఇన్‌స్పెక్షన్‌లో చూసేది మీ గదినీ, మీ మిషన్లనీ, మీ టీచర్‌నీ. అవి లేనప్పుడు మధ్యలో వాళ్లు తెచ్చిపెట్టగలిగింది ఏమీ ఉండదు.

ఆయన చూపించే కాగితాలు ఏమిటో కూడా అడగండి. సొసైటీ రిజిస్ట్రేషన్ అంటే సంస్థ ఉందని మాత్రమే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చిన్న వ్యాపారంగా నమోదు కావడం. ఐఎస్ఓ సర్టిఫికెట్ సంస్థను ఒక పద్ధతి ప్రకారం నడుపుతున్నారని చెబుతుంది. ఈ మూడూ గోడకు తగిలించుకోవచ్చు కానీ, వీటితో మీ పిల్లలకు ప్రభుత్వ గుర్తింపున్న సర్టిఫికెట్ ఇవ్వడానికి వీల్లేదు. మా ప్రాంతంలో ఇలాంటి కాగితాలు చూసి చేరిన అమ్మాయిలు తర్వాత లోన్‌కో ఉద్యోగానికో ఆ సర్టిఫికెట్ పట్టుకెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. ఆ బాధ దగ్గర నుంచి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అసలు దారి ఇలా ఉంటుంది. దేశంలో వృత్తి శిక్షణను నియంత్రించేది ఎన్‌సీవీఈటీ, అంటే నేషనల్ కౌన్సిల్ ఫర్ వొకేషనల్ ఎడ్యుకేషన్ అండ్ ట్రైనింగ్. 2018 డిసెంబరులో దీన్ని నోటిఫై చేశారు, 2020 ఆగస్టు నుంచి పని మొదలుపెట్టింది. ఇది మీ సెంటర్‌ని నేరుగా గుర్తించదు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలనూ, పరీక్ష పెట్టే సంస్థలనూ విడివిడిగా గుర్తిస్తుంది. పాఠం చెప్పినవాళ్లే మార్కులు వేసుకోకూడదని ఈ ఏర్పాటు. మీ సెంటర్ ఆ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు అనుబంధం కావాలి. కుట్టుపనికి అలాంటి సంస్థగా అపారెల్, మేడప్స్ అండ్ హోం ఫర్నిషింగ్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఉంది. ఇలాంటి సెక్టార్ స్కిల్ కౌన్సిళ్లను పొట్టిగా ఎస్ఎస్‌సీ అంటారు. పదో తరగతికి దీనికి సంబంధం లేదు, ఫోన్‌లో మాట్లాడేటప్పుడు చాలామంది తికమకపడతారు. దరఖాస్తులు నా రోజుల్లో స్మార్ట్ పోర్టల్‌లో ఉండేవి, ఇప్పుడు స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ వచ్చింది.

గుర్తుపెట్టుకోవాల్సింది, అనుబంధం కోర్సుకు వస్తుంది. వాళ్ల భాషలో జాబ్ రోల్. 'మా సెంటర్‌కి గుర్తింపు ఉంది' అనే మాటకు అర్థం లేదు. ఏ జాబ్ రోల్‌కి ఉంది, ఏ లెవెల్‌లో ఉంది అన్నదే లెక్క.

నేను మొదటిసారి దెబ్బతిన్నది అక్కడే. 2017లో మా చుట్టుపక్కల అందరూ సూయింగ్ మెషీన్ ఆపరేటర్ కోర్సు పెడుతున్నారని నేనూ అదే పెట్టాను. అది గార్మెంట్ ఫ్యాక్టరీలో లైన్ మీద కూర్చుని చేసే పని. దానికి ఇండస్ట్రియల్ పవర్ మిషన్లు కావాలి. నా దగ్గర పవర్ మిషన్లు నాలుగు, మిగతావన్నీ కాలితో తొక్కేవి. కాగితాల పరిశీలన దాటిపోయింది కాబట్టి సరిపోతాయనుకున్నాను. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన లిస్టు చేతిలో పట్టుకుని ఒక్కో మిషనూ లెక్కపెట్టి, ఫొటో తీసుకుంటూ వెళ్లాడు. ఫొటోతో పాటే తీసిన చోటు, టైము రికార్డవుతాయి. పక్కవాళ్ల మిషన్లు తెచ్చి ఒక్కరోజు చూపించే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి, తర్వాత చెప్పకుండా కూడా వచ్చి చూస్తారు.

అప్పుడు పెళ్లిళ్ల సీజన్. కటింగ్ టేబుల్ మీద కస్టమర్ల జాకెట్లు కుప్పగా ఉన్నాయి. ఇది క్లాస్‌రూమా, కుట్టే షాపా అని అడిగాడాయన. నా దగ్గర జవాబు లేదు. ఆర్డర్లు వద్దని ఎవరూ అనరు కానీ, శిక్షణ గదినీ వ్యాపారాన్నీ వేరుగా ఉంచాలి. మీరు ఇంట్లో నడుపుతున్నారు కాబట్టి ముందే ఒక గది తేల్చుకోండి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు టీచర్ దగ్గర వచ్చింది. మా సీనియర్ టీచర్ ఇరవై ఏళ్లుగా కుడుతోంది, పట్టు జాకెట్ అయినా చిన్నపిల్లల గౌను అయినా ఆమె కటింగ్‌కి తిరుగులేదు. కానీ ట్రైనర్‌గా సర్టిఫికెట్ లేదు. ఆ జాబ్ రోల్‌కి టీఓటీ, అంటే ట్రైనర్లకు ఇచ్చే శిక్షణ, పాసై ఉండాలి. దానికి పంపిద్దామంటే ఆమె ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పదో తరగతి సర్టిఫికెట్‌లో పూర్తి ఇంటిపేరు, అదీ పుట్టింటిది. సరిచేయించడానికి మీసేవ చుట్టూ తిరుగుతూ మూడు నెలలు పోయాయి, ఇద్దరికీ ఒకటే టెన్షన్. మీరు ఈ పని ఈ వారమే మొదలుపెట్టండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన మీ విద్యార్థినులకూ ఇదే ఇబ్బంది వస్తుంది. ఆధార్‌లో ఎలా ఉందో నమోదులో అలాగే ఉండాలి.

రెండోసారి నా గదికి తగ్గ కోర్సు ఎంచుకున్నాను, సెల్ఫ్ ఎంప్లాయిడ్ టైలర్. ఇంట్లోనో సొంత షాపులోనో కుట్టుకుని బతికేవాళ్ల కోసం పెట్టింది. మీరు చెప్పినదాన్ని బట్టి మీకూ అదే సరిపోతుంది. బాత్‌రూమ్, తాగునీళ్లు, మంటలార్పే సిలిండర్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, అద్దె అగ్రిమెంట్ లాంటివి ఎలాగూ చూస్తారు, అవి పెద్ద కష్టం కాదు.

ఇక డబ్బు సంగతి. గుర్తింపు రాగానే ప్రభుత్వం డబ్బిచ్చి శిక్షణ ఇప్పించే పథకం కింద బ్యాచ్‌లు వచ్చేస్తాయనుకోకండి. సెంటర్‌కి గుర్తింపు ఒకటి, జాబ్ రోల్‌కి అనుబంధం ఇంకొకటి, పథకంలో టార్గెట్, అంటే ఇంతమందికి నేర్పమని మీకు కేటాయించడం, మూడోది. మొదటి రెండూ ఉన్నా మూడోది రాకపోవచ్చు. నేను రెండోది రాగానే పై అంతస్తు అద్దెకు తీసుకుని మిషన్లు కొన్నాను. టార్గెట్ వచ్చేదాకా ఏడు నెలలు అద్దె, కరెంటు బిల్లు చేతినుంచే కట్టాను, బంగారం తాకట్టు పెట్టాల్సి వచ్చింది. వచ్చాక కూడా డబ్బు ఒక్కసారి రాదు. పీఎంకేవీవై, అంటే ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన, రెండో విడతలో 30 శాతం బ్యాచ్ మొదలయ్యాక, 50 శాతం పిల్లలు పాసయ్యాక, మిగతా 20 శాతం వాళ్లకు ఉపాధి దొరికిందని చూపించాక ఇచ్చేవారు. హాజరు 70 శాతం లేకపోతే పరీక్షకే కూర్చోనిచ్చేవారు కాదు. వరినాట్ల రోజుల్లో, పండగ ముందు పిల్లలు రారు. బ్యాచ్ ఎప్పుడు మొదలుపెట్టాలో మీ ఊరి పనుల్ని బట్టి చూసుకోండి.

అందుకే నా మాట, పథకాన్ని నమ్ముకుని సెంటర్ పెంచకండి. అనుబంధం వచ్చాక ఫీజు కట్టే పిల్లలకు కూడా అదే కోర్సు చెప్పి, అదే పరీక్ష రాయించవచ్చు. ఇప్పటికే మీ దగ్గర నేర్చుకుని కుడుతున్నవాళ్లను మళ్లీ మొదటినుంచి కూర్చోబెట్టక్కర్లేదు. ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ అనే దారి ఉంది.

పాత దారి ఒకటి ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతున్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పరీక్షల విభాగం టైలరింగ్ అండ్ ఎంబ్రాయిడరీలో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పెడుతుంది. ఆ తర్వాత వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్ కోర్సు) చేస్తే బడుల్లో క్రాఫ్ట్ టీచర్ పోస్టులకు పనికొస్తుంది. మీ పిల్లల్లో టీచర్ కావాలనుకునేవాళ్లను దానికి పంపండి, మీ గుర్తింపు వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు.

సెల్ఫ్ ఎంప్లాయిడ్ టైలర్ కోర్సు వివరాలు నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్ వెబ్‌సైట్‌లో వెతకండి, ఉచితమే. కావాల్సిన సామాను లిస్టు దించుకుని మీ గదిలో నిలబడి ఒక్కొక్కదానికీ టిక్ పెట్టండి. ఏం తగ్గాయో, మీ టీచర్ చదువు, అనుభవం ఎంతో కింద రాయండి. ముందు ఏది కొనాలో, దేనికి ఆగాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.