గేటు బయట మొదటి నెల

చి. మాధవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. జైలు నుంచి విడుదలయ్యే ఆడవాళ్లకి ఎలా సాయపడాలని నిన్న ఫోనులో నువ్వు గబగబా అడిగినవాటికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఒకపక్క కుక్కర్ విజిల్, ఇంకోపక్క మనవడి గోల. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. కుట్టుపని నేర్పడానికి జైల్లో ఆడవాళ్ల బ్యారక్‌కి పద్నాలుగేళ్లు వెళ్లొచ్చాను. బయటికొచ్చాక కొందరిని మన షాపులోనే మిషన్ ముందు కూర్చోబెట్టుకున్నాను. అందులో నేను చేసిన తప్పులే నీకు ఎక్కువ పనికొస్తాయి.

వచ్చే వారం ఒకామె విడుదలవుతోంది, ఏ ఉద్యోగం చూడమంటావు అన్నావు. ఉద్యోగం సంగతి తర్వాత. ముందు ఆమె ఎలా బయటికొస్తోందో కనుక్కో. శిక్ష పూర్తయిందా, కేసు కొట్టేశారా, బెయిలు మీదొస్తోందా? బెయిలైతే కేసు ఇంకా నడుస్తున్నట్టే. వాయిదాకి వెళ్లకపోతే వారెంట్ వస్తుంది, జామీను ఉన్నవాళ్ల మెడకి చుట్టుకుంటుంది. ఆ రోజు కూలి పోతుందనో, బస్సు ఛార్జీలు లేకో ఆగిపోయేవాళ్లు ఎంతమందో! నేను ఒక్కొక్కరికి గోడ క్యాలెండర్ కొనిచ్చి, వాయిదా తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేదాన్ని. లాయర్ లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తీసుకెళ్లు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

శిక్ష మధ్యలో ప్రభుత్వం వదిలిపెట్టినా షరతులు ఉంటాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యావజ్జీవ శిక్ష పడ్డ 53 మంది ఆడవాళ్లని విడుదల చేయడానికి ఉత్తర్వులిచ్చినప్పుడు కూడా ఊరికే పొమ్మనలేదు, బాండు రాయించుకుని మరీ పంపమంది. కాబట్టి ఆమె చేతిలో ఉన్న ప్రతి కాగితం చదువు. తను చదువుకున్నదైనా సరే, నువ్వూ చదువు.

విడుదల రోజు గేటు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. ఇది చిన్న విషయం అనుకోకు. మగాడు జైలుకెళ్తే పెళ్లాం పస్తులుండైనా ములాఖత్‌కి వస్తుంది, తల్లి వస్తుంది. ఆడది లోపలికెళ్తే మొదటి ఆరు నెలలు పుట్టింటివాళ్లు వస్తారు, తర్వాత వాళ్లూ తగ్గిపోతారు. బెయిలు ఆర్డరు కోర్టు నుంచి జైలుకి చేరేసరికి చాలాసార్లు సాయంత్రం దాటిపోతుంది. చీకటి పడ్డాక చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని, ఏ ఆటో ఎక్కాలో తెలియక రోడ్డు మీద నిలబడ్డవాళ్లని నా కళ్లతో చూశాను. అలాంటి మనిషి దగ్గరికి ముందు వచ్చేది మంచివాడే అయి ఉండాలని ఏమీ లేదు.

మా షాపుకి వచ్చిన మొదటి ఆమె సంగతి చెప్తాను. పేరు వద్దులే. తొమ్మిదేళ్లు లోపల ఉంది. పని బంగారం. జాకెట్ చేతులు ఆమె ఎక్కించినట్టు నేను కూడా ఎక్కించలేను. కానీ బాత్రూమ్‌కి వెళ్లాలంటే మూసి ఉన్న తలుపు ముందు నిలబడిపోయేది. ఏమ్మా వెళ్లు అనేదాకా కదలదు. మొదట్లో నాకు విసుగొచ్చింది. వారం తర్వాత గానీ వెలగలేదు. తొమ్మిదేళ్లలో ఒక్క తలుపు కూడా ఆమె తన చేత్తో తియ్యలేదు. సాయంత్రం లాకప్ టైమయ్యేసరికి కత్తెర కింద పెట్టి లేచి నిలబడేది, ఎవరో వచ్చి లెక్కపెట్టుకుంటారన్నట్టు. "భోజనం ఏం వండుకుంటావు?" అంటే ఏడ్చింది. ఏం వండుకోవాలో చాలా ఏళ్లుగా ఆమెని ఎవరూ అడగలేదు మరి. అందుకే నువ్వు అన్నీ అమర్చి పెట్టకు. పప్పా, కూరా? ఈ చీరా, ఆ చీరా? చిన్న చిన్నవి ఆమెనే తేల్చుకోనివ్వు, ఆలస్యమైనా ఊరుకో.

కాగితాల పని మాత్రం ఆలస్యం చేయొద్దు. ఆధార్ ఎక్కడుందో అత్తగారికే తెలిసి ఉంటుంది, ఆవిడ ఇవ్వదు. ఆధార్ సెంటర్‌కి వెళ్లి నంబరు కనుక్కుని కొత్తది తీసుకోండి. రెండేళ్లు లావాదేవీలు లేకపోతే బ్యాంకు ఖాతా పనిచేయకుండా ఆపేస్తారు, మళ్లీ కేవైసీ ఇస్తే తెరుస్తారు. జైల్లో చేసిన పనికి కూలి డబ్బులేమైనా రావాలేమో అడుగు. రేషన్ కార్డులో పేరుందో తీసేశారో చూడు. ఓటు సంగతి కూడా చెప్పు. జైల్లో ఉన్నంతకాలమే ఓటు వేయకూడదు, బయటికొచ్చాక జాబితాలో పేరుంటే హాయిగా వేసుకోవచ్చు. చాలామంది జన్మంతా పోయిందనుకుంటారు. లోపల ఉన్నప్పుడు బయట ఏం మారిందో కూడా చెప్పు. ఒకామె బియ్యం డబ్బాలో దాచుకున్న నాలుగు వెయ్యి నోట్లు 2018లో తీసి నా చేతిలో పెట్టింది, అద్దెకి. రెండేళ్ల కిందటే రద్దయ్యాయని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇక ఫోను. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని మొదటి రోజే నేర్పు.

పిల్లల విషయంలో నేను పెద్ద పొరపాటు చేశాను. జైల్లో తల్లి దగ్గర బిడ్డని ఆరేళ్లు వచ్చేదాకానే ఉంచుతారు. 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఉంది ఈ మాట. జైల్లో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో జైలు పేరు రాయకూడదని కూడా అందులోనే ఉంది. ఎవరైనా రాసి ఉంటే మార్పించు. నా పొరపాటేమిటంటే, ఒక తల్లిని విడుదలైన రోజే తిన్నగా కూతురి దగ్గరికి తీసుకెళ్లాను. సంతోషపడుతుందనుకున్నాను. ఆ పిల్ల అమ్మమ్మ కొంగు వెనక దాక్కుని, "ఈవిడెవరమ్మా?" అని అమ్మమ్మని అడిగింది. తల్లి వారం రోజులు అన్నం ముట్టలేదు. ముందు ఫోటో చూపించాలి, ఫోనులో నాలుగు మాటలు మాట్లాడించాలి. తర్వాత ఒక పూట కలపాలి, సాయంత్రానికి తిరిగొచ్చెయ్యాలి. అమ్మమ్మని కూడా కాస్త మంచి చేసుకో, పెంచింది ఆవిడ కదా.

ఇంకో తప్పు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఒకామెకి తెలిసిన ఇంట్లో వంటపని కుదిర్చాను. నిజాయితీ అనుకుని ఆ ఇల్లాలికి విషయం మొత్తం చెప్పేశాను. "అయ్యో పాపం, మాకేం అభ్యంతరం లేదండీ" అంది. మూడో రోజు వెండి గిన్నె కనపడలేదు, నాలుగో రోజు పని పోయింది. గిన్నె పూజ గదిలోనే దొరికింది, పని మాత్రం తిరిగి రాలేదు. అప్పటినుంచి ఒకటే నియమం పెట్టుకున్నాను: ఆమె కథ చెప్పాలా వద్దా, ఎవరికి ఎంత చెప్పాలి అన్నది ఆమె ఇష్టం. నువ్వు కూడా ఏ కేసు, ఎందుకు చేశావు అని ఆరా తీయకు. మీ ఆఫీసులో ఫోటోలు అడుగుతారు చూడు, విడుదలైన మహిళకి కుట్టుమిషన్ ఇస్తున్న ఫోటో. ఒప్పుకోకు.

కుట్టుమిషన్ అంటే గుర్తొచ్చింది. కుట్టు టీచర్ని అయ్యుండి చెప్తున్నాను, అందరికీ మిషనే అంటగట్టకండి. చంచల్‌గూడలో తెలంగాణ జైళ్ల శాఖ ఆడవాళ్లకి పెట్రోలు బంకులో పని ఇచ్చింది. నలుగురికీ కనపడుతూ చేసే పని, జీతం వస్తుంది. మీవైపు ఏముందో చూడు. డ్వాక్రా సంఘంలో చేర్పిస్తే అప్పు పుడుతుంది. కాకపోతే సంఘం లీడర్ ఎలాంటిదో ముందు చూసుకో. నోరు ఊరుకోని మనిషైతే ఆర్నెల్లు ఆగడమే మేలు.

ఉండటానికి చోటు? పుట్టింటికో అత్తింటికో పంపాలని పట్టుబట్టకు. భర్త చావు కేసులో వెళ్లినామెని తీసుకెళ్లి అత్తవారి వీధిలో దించితే ఏమవుతుంది? ఎవరూ లేకపోతే శక్తి సదన్‌లో అడుగు, దిక్కులేని ఆడవాళ్ల కోసం ప్రభుత్వ పథకం కింద నడిచే ఆశ్రయం అది. జైలు నుంచి వచ్చి దిక్కులేనివాళ్లకి కూడా అక్కడ చోటుంటుంది. మహిళా హెల్ప్‌లైన్ 181కి చేసినా, కష్టంలో ఉన్న ఆడవాళ్లకి సాయం చేసే సఖి సెంటర్‌కి వెళ్లినా పంపిస్తారు.

అన్నట్టు, గేటు దగ్గరికి వెళ్లేటప్పుడు జిప్పు ఉన్న హ్యాండ్‌బ్యాగ్ ఒకటి పట్టుకెళ్లు, ఆ ప్లాస్టిక్ కవరు అందులో పెట్టుకుంటుంది. చెప్పులు ఏ సైజో తెలియకపోతే కొనకు, దారిలో ఆగి ఆమెనే ఎంచుకోమను. పొద్దున్నే బయల్దేరితే బస్టాండ్ ఎదుట టిఫిన్ తినిపించు. ఇడ్లీయా, పెసరట్టా అని అడగడం మర్చిపోకు. వెంటనే చెప్పకపోయినా కంగారుపడకు, సర్వర్‌ని కాసేపు ఆగమను.

మీ పెద్దమ్మ